విషము మిగిలిన నేలకు బాధ్యుడెవడు?

బొగ్గు నాధారముగా జేసికొని 1980లో ఉత్పత్తి ప్రారంభించిన రామగుండము ఎరువుల కర్మాగారము 1999లో మూతపడి, రెండు దశాబ్దములు పాడువడి నిలిచి, తుదకు సహజవాయువుతో నడచు కొత్త యంత్రములతో 2021లో మరల యూరియా నిచ్చుట మొదలిడినది, ఏటికి 12.7 లక్షల టన్నులు దాని సామర్థ్యము. సంతోషింపదగిన పునరుద్ధరణమే. కాని కర్మాగారమున్న చోట కర్మాగారమే వచ్చినందున, ఆ నేలపై ఇండ్లో బడియో కట్టదలచిన యెడల ఎదురగు కఠినప్రశ్న అక్కడ ఎదురుకాలేదు.

నేలలో విషమున్నంత మాత్రమున అపాయము కలుగదు. అది నీటి వెంటనో, ధూళి వెంటనో, పంట వెంటనో మనుష్యుని జేరు మార్గ ముండవలెను. సీసము, ఆర్సెనిక్ వంటి మూలకములు ఎన్నేండ్లకును నశింపవు; చమురు సంబంధమైన పదార్థములలో కొన్నిటిని మాత్రము సూక్ష్మజీవులు మెల్లగా హరించును. కావున త్రవ్వి తీయవలెనా, కప్పి వదలవలెనా యనునది ఆ నేల మున్ముందు ఎందులకు వినియోగపడునో దానిపై ఆధారపడును.

1980లో లెక్కర్‌కెర్క్ గ్రామమున ఇండ్ల క్రింద రసాయన వ్యర్థములు బయటపడగా బెదరిన హాలెండు, ప్రతి నేలయు సర్వవినియోగములకు దగునంత నిర్మలము కావలెనని మొదట పట్టుబట్టి, ఖర్చు భరింపజాలక, తర్వాత వినియోగమును బట్టి శుద్ధి యను బ్రిటిషు మార్గమునకే వచ్చినది. అమెరికా అదే 1980లో చేసిన సూపర్‌ఫండ్ చట్టము పాత పాపమునకు నేటి యజమానిని సైతము బాధ్యుని జేయుటచే, అట్టి స్థలములను కొనుటకే జనులు జంకిరి. నిరపరాధులైన కొనుగోలుదారులకు 2002లో రక్షణ కల్పింపవలసివచ్చెను. జర్మనీలోని డ్యూయిస్‌బర్గువారు 1985లో మూతపడిన ఇనుప కార్ఖానాను కూల్చక, మిక్కిలి కలుషితమైన మట్టిని అక్కడి బంకర్లలోనే మూసివేసి, ఉద్యానవనము చేసిరి. నాకు నచ్చిన దిదియే.

మనదేశమున కలుషిత స్థలముల నియమావళి 2025లో గాని రాలేదు. అనుమానాస్పద స్థలములను జిల్లా యంత్రాంగము గుర్తించి తెలుపవలెను. శుద్ధికయ్యెడు వ్యయము కలుషితము చేసినవానిదే. అయితే గనుల వలన గలిగిన కాలుష్యము వేరు చట్టముల పాలిదని దానిని ఇందుండి తప్పించిరి. బొగ్గు గనుల మూసివేతకు బొగ్గు మంత్రిత్వశాఖ 2009 నుండి వెలువరించుచున్న మార్గదర్శకములు గలవు. అందుకై కంపెనీ ఏటేట ప్రత్యేక ఖాతాలో సొమ్ము జమకట్టవలెను. ఏర్పాటు మంచిదే గాని, బెల్లంపల్లివంటి ఊళ్లలో గని యెక్కడ ముగిసి వీధి యెక్కడ మొదలగునో చెప్పుట కష్టము. ఆదిలాబాదున ఏనాడో మూతపడిన సిమెంటు కర్మాగారమునే చూడుడు: ఆవరణలో విషము తేలినచో 2025 నియమములు, సున్నపురాయి గనిలో తేలినచో వేరు చట్టములు, వాననీరు మాత్రము రెండింటి మీదుగా నొక్కటియై పారును.