బేరింగు మార్చినా ఆగని అదురు

కుప్పం: గ్రానైటు క్వారీల్లోని పాత డీజిల్ కంప్రెసర్లు గానీ, మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల పాల శీతలీకరణ యంత్రాలు గానీ అదిరితే తొలుత బేరింగులనే మారుస్తుంటారు. ఇంజను, కంప్రెసరు షాఫ్టులు ఒకే సరళరేఖలో లేకుంటే కొత్త బేరింగూ త్వరగానే అరుగుతుంది. రెండు షాఫ్టులకు లేజరు పరికరం బిగించి తిప్పితే మిల్లీమీటరులో నూరో వంతు తేడా సైతం తెలుస్తుంది. ఏ కాలి కింద ఎంత మందం రేకు వేయాలో అదే చూపుతుంది. అయితే యంత్రం కాళ్లు నాలుగూ పీఠంపై సమంగా ఆనకుంటే ఎంత ఖరీదైన పరికరమైనా వృథాయే. వేడినీ లెక్కించాలి. అర మీటరు ఎత్తున్న ఉక్కు 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.24 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లేజరు లేనిచోట డయల్ గేజీతోనైనా చూడవచ్చు, కంటి అంచనా మాత్రం చాలదు. అమ్మోనియాతో నడిచే యంత్రాల్లో షాఫ్టు సీలు దెబ్బతింటే విషవాయువే వెలువడుతుంది.