ఢోలక్ వాయిస్తే జైలు!

సంగీతం రానివాళ్ళు గొంతెత్తితే జైల్లో పెట్టాలని మనం హాస్యానికి అంటూ ఉంటాం. కాని సంగీతం వచ్చినవాళ్ళు వీధిలో నిలబడి వాయిస్తే రెండేండ్ల దాకా ఖైదు చేయవచ్చునని చెప్పే చట్టం ఒకటి మన తెలంగాణంలో నూరేండ్లకు పైగా ఉండిపోయిందంటే నమ్ముతారా? నమ్మక తప్పదు. దాన్ని హైకోర్టు కొట్టివేసింది మొన్న మొన్న, 2023 జూలై 6వ తేదీన.

ఆ చట్టం అందరికీ కాదు లెండి. హిజ్రాలకు మాత్రమే. 1329 ఫసలీలో, అంటే 1919లో, నిజాం ప్రభుత్వం చేసిన 'నపుంసకుల చట్టం' అది. పిల్లల్ని ఎత్తుకుపోతారనీ, మరికొన్ని నేరాలు చేస్తారనీ అనుమానం ఉన్నవారి పేర్లు రిజిస్టరులో ఎక్కిస్తారు. రుజువు అక్కరలేదు, అనుమానం చాలు. పేరు ఎక్కినవారు చీర కట్టి, నగలు పెట్టుకుని బజారులో కనబడినా, నాట్యం చేసినా, వాయిద్యం వాయించినా పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చు. తెల్లదొరలు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టంలోనూ ఇవే మాటలున్నాయి. విడ్డూరమేమిటంటే, దేవిడీల్లో జనానాకు కాపలాగా, నమ్మకమైన ఉద్యోగులుగా ఖ్వాజాసరాలను పెట్టుకున్నదీ ఆ నవాబులే!

1948లో నిజాం పాలన పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చింది. చట్టం పేరులో రాష్ట్రం మారింది గాని లోపలి మాట మారలేదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వీరిని మూడవ లింగంగా గుర్తించి, పౌరులందరికీ ఉన్న హక్కులు వీరికీ ఉన్నాయని తీర్పు చెప్పింది. అయినా ఇది చావలేదు. చివరకు వైజయంతి వసంత మొగ్లి మొదలైనవారు 2018లో హైకోర్టుకు వెళ్ళారు. ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి. వి. భాస్కరరెడ్డి విచారించి, ఇది రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చారు.

సరే, చట్టం పోయింది. మరి పాట బ్రతికిందా?

మాది మొయినాబాదు మండలంలోని చిన్న మంగళారం. మా పక్కింట మనుమడు పుట్టినప్పుడు ముగ్గురు హిజ్రాలు వచ్చారు. ఇంటి పెద్దావిడ రూపాయలు చేతిలో పట్టుకుని, "పైసలు ఇస్త గని, ముందుగాల ఒక పాట పాడుండ్రి బిడ్డా," అన్నది. వారిలో పెద్దామె నవ్వి, "పాట ఎవరడుగుతున్నరవ్వా? నోటు చేతిల పెట్టి తలుపేసుకుంటున్నరు," అన్నది. అని ఢోలక్ మెడకు తగిలించుకుంది. ఒకామె చప్పట్లతో తాళం వేసింది. ముందు దక్కనీ ఉర్దూలో ఒక పాట, తరువాత ఎల్లమ్మ మీద తెలుగులో మరొకటి. పిల్లవాడు కళ్ళు విప్పార్చి వింటున్నాడు. పావుగంట సేపు వాకిట్లో ఎవరూ మాట్లాడలేదు. ఇంతటి పాట వాళ్ళ దగ్గర ఉందని నాకు ఆనాటి దాకా తెలియదు.

ఎల్లమ్మ పేరు వచ్చింది గనుక చెబుతాను. మొయినాబాదు, చేవెళ్ళల మీదుగా పోయే బీజాపూరు రోడ్డు పట్టుకుంటే కన్నడ దేశం చేరతాం. అక్కడ సవదత్తి ఎల్లమ్మకు అంకితమైన జోగప్పలున్నారు. మగపిల్లలుగా పుట్టి, చీర కట్టి, అమ్మవారి కథ పాడుతూ తిరుగుతారు. వారి చేతిలోని వాద్యం చౌడికె. మన ఊళ్ళలో బైండ్లవారు ఎల్లమ్మ కథ చెబుతూ వాయించే జమిడికకు అది తోబుట్టువు. అలాంటి జోగతి ఒకరు మంజమ్మ. బళ్ళారి ప్రాంతం మనిషి. ఇంటివారు దూరం పెట్టగా బిచ్చమెత్తి, ఒకనాడు విషం కూడా తాగిన మనిషి. కాళవ్వ జోగతి దగ్గర ఆట, పాట నేర్చుకున్న తరువాతనే ఆమెకు బ్రతుకు దొరికింది. 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలైంది. 2021లో పద్మశ్రీ అందుకునే వేళ, చీర కొంగుతో రాష్ట్రపతికి దిష్టి తీసింది!

సముద్రాల కవతల కూడా ఇదే కథ. అమెరికాలో వెండీ కార్లోస్ 1968లో బాఖ్ అనే జర్మను వాగ్గేయకారుని సంగీతాన్ని మూగ్ సింథసైజరు అనే విద్యుత్ యంత్రం మీద పలికించి, మూడు గ్రామీ బహుమతులు గెలుచుకుంది. తాను స్త్రీగా మారిన సంగతి లోకానికి చెప్పడానికి మాత్రం 1979 దాకా ఆగవలసి వచ్చింది. ఇజ్రాయెల్ గాయని డానా ఇంటర్నేషనల్ 1998లో యూరోవిజన్ పాటల పోటీలో మొదటి బహుమతి కొట్టింది. అక్కడ దాపరికం లేదు.

మన హిజ్రాల పాట గురువు నోట విని చేలా నేర్చుకునేది. వినేవారుంటేనే అది నిలుస్తుంది. కాబట్టి సోదరీమణులారా, మీ ఇంట తొట్టెల కట్టిననాడు గుమ్మంలో చప్పట్లు వినబడితే తలుపు వేయకండి. చాప పరిచి, మంచినీళ్ళిచ్చి, "ఒక పాట పాడండక్కా," అనండి. ఇచ్చే డబ్బులు ఆ తరువాత ఇవ్వవచ్చు.