పైకి కనిపించని గాయం

చెక్క పడవ రాతికి కొట్టుకొంటే పలక చిట్లుతుంది. ఇనుప పడవకు సొట్ట పడుతుంది. ఫైబర్ పడవకు మాత్రం పైన చిన్న గీత కనిపించి, అసలు గాయం లోపల దాగి ఉండవచ్చు. అందువల్లనే అది ప్రమాదకరం.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ రేవు నుండి వేటకు వెళ్ళేవారిలో ఆంధ్ర తీరపు మత్స్యకార కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. అండమాన్ దీవుల చుట్టూ పగడపు దిబ్బలు విస్తరించి ఉన్నాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత మన తూర్పు తీరంలో ఫైబర్ పడవల వాడకం బాగా పెరిగింది. కనుక ఈ గాయం సంగతి తెలిసికోవడం పలువురికి అవసరం.

ఫైబర్ పడవ ఒక విధంగా నేత పనే. గాజు పోగులను పడుగు పేకలుగా నేసి, ఆ గుడ్డను పొరలు పొరలుగా పరచి, రెసిన్‌తో తడిపి గట్టిపరుస్తారు. లాగుడును గాజు భరిస్తుంది. ఆకారాన్ని రెసిన్ నిలుపుతుంది.

దెబ్బ తగిలినప్పుడు సాధారణంగా ముందుగా రెసిన్ బీటలు వారుతుంది. ఆపైన పొరలు ఒకదాని నుండి ఒకటి విడిపోతాయి. దెబ్బ మరీ బలమైనదైతే గాజు పోగులే తెగుతాయి. దెబ్బ తిన్న చోట గోడ లోపలికి వంగుతుంది గనుక లోపలి ముఖం సాగి, నష్టం అక్కడే ఎక్కువగా ఉంటుంది.

ఇక్కడ నేత మేలు చేస్తుంది. ప్రాకే బీటకు పడుగు పేకలు కలిసే ప్రతిచోటా అడ్డు తగులుతుంది; గాయం అంతగా విస్తరించదు. అయితే పోగులు వంకరలు తిరగడంచేత, తిన్నగా పరచిన పోగులకున్న బిగువు కొంత తగ్గుతుంది. దెబ్బకు ఓర్చుకొనే గుణానికి చెల్లించే మూల్యమది.

విడిన పొరలు వత్తిడికి సులభంగా వంగిపోతాయి. అలల తాకిడికి ఆ ఖాళీ పెరుగుతుంది. బీటల గుండా నీరు చేరుతుంది. పైన లప్పం పూసినంత మాత్రాన తెగిన పోగులు అతకవు. చెడిన భాగాన్ని గట్టి పొర తగిలేవరకు ఏటవాలుగా అరగదీసి, కొత్త గుడ్డను అంచులు దాటేలా పరచి అతికించాలి.

గాయాన్ని కనిపెట్టడమెలా? లోపలి వైపు తెల్లని మచ్చ ఉన్నదేమో చూడాలి. నాణెంతో వరుసగా తట్టాలి. బాగున్నచోట ఖణేలుమంటుంది, పొరలు విడినచోట శబ్దం మొద్దుబారుతుంది. కుండను తట్టి చూచి కొనే మనకు ఈ పరీక్ష కొత్తదేమీ కాదు. పడవ దిబ్బకు తగిలిన రోజున, మళ్ళీ సముద్రం మీదికి పోకముందే ఆ పని చేయాలి.