పది వేల లెక్క కాశిబుగ్గకు కుదరదు

"సింథటిక్ ఆయిల్ పోయించిన, ఇగ ఇరవై వేల కిలోమీటర్ల దాకా బానెట్ లేపే పనే లేదు" అనేవాళ్లు ఒకవైపు. "ఏ ఆయిలైనా మూడు వేలకు మార్చాలె" అని అద్దానికి స్టిక్కర్ అంటించి పంపే మెకానిక్‌లు ఇంకోవైపు. ఈ రెండు మాటలూ వినీ వినీ విసుగొచ్చింది. మొదటిది ఇంజన్‌కు చేటు, రెండోది జేబుకు.

ఆయిల్ డబ్బాలో ముప్పాతిక వంతు దాకా ఉండేది బేస్ ఆయిల్. సింథటిక్ అయినా మినరల్ అయినా తేడా అక్కడే. మిగతాది మందులు. మసిని పట్టి ఉంచేవి, ఆమ్లాన్ని విరిచేవి, లోహానికి అంటుకుని అరుగుదల ఆపేవి, నురగ రాకుండా చూసేవి. బేస్ ఆయిల్ ఎంత మేలైనదైనా ఈ మందులు వాడేకొద్దీ ఖర్చయిపోతాయి.

బట్టలు నానబెట్టిన సర్ఫు నీళ్లనుకోండి. నల్లా నీళ్లలో గుప్పెడు సర్ఫు చాలా బట్టలకు సరిపోతుంది. ఉప్పు బోరు నీళ్లలో నురగ సరిగా రాదు. సింథటిక్‌కూ మినరల్‌కూ తేడా అంత ఉంటుంది. కానీ ఎంత మంచి నీళ్లయినా, ఒకే బకెట్లో ఇంటిల్లిపాది బట్టలూ ముంచి తీశాక సబ్బు ఎక్కడుంటుంది? అప్పటిదాకా వదిలిన మురికే మళ్లీ బట్టలకు పడుతుంది. ఇంజన్లో అలా పేరుకునే జిగటనే స్లడ్జ్ అంటారు. అది ఆయిల్ దారులు మూసేస్తే హెడ్డు దించాల్సిందే. "తగ్గినప్పుడల్లా అర లీటరు కలుపుతున్నా, మార్చడమెందుకు?" అనే పెద్దమనిషి అదే బకెట్లో ఇంకో చెంచా సర్ఫు వేస్తున్నాడు. మురికి మాత్రం బకెట్లోనే ఉంది. ఇంకో సంగతి, నీళ్లు నల్లబడ్డాయంటే సబ్బు పనిచేస్తోందనే అర్థం. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. వేలికి రాసుకుని "పోయింది, మార్చేద్దాం" అనే పరీక్షకు విలువ లేదు. మందు ఎంత మిగిలిందో ల్యాబులో కొలవాలి. మామూలు కారుకు ఆ ఖర్చు ఎవరు పెడతారు? అందుకే కిలోమీటర్లు, నెలలు, బండి నడిచే తీరు చూసి అంచనా కట్టుకోవాలి.

సింథటిక్ ఆయిల్ చరిత్ర అంటే నాకు మహా ఇష్టం, నాలుగు ముక్కలు చెప్పకుండా ఉండలేను. రెండో ప్రపంచ యుద్ధంలో ముడిచమురుకు మొహం వాచిన జర్మనీ, రష్యా చలికి మామూలు నూనెలు గడ్డకడుతుంటే, నూనెను ప్రయోగశాలలో తయారు చేసుకుంది. తర్వాత జెట్ విమానాల వంతు. మొబిల్ కంపెనీ సింథటిక్ ఆయిల్ మొబిల్ 1 అమెరికా మార్కెట్లోకి 1974లో వచ్చింది. అప్పట్లో సింథటిక్ అంటే ప్రధానంగా వాయువుల నుంచి కట్టిన పీఏఓ అనే నూనె. 1990ల చివర్లో పోటీ కంపెనీ క్యాస్ట్రాల్, ముడిచమురునే హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసి, ఇదీ సింథటిక్కే అంది. మొబిల్ ఫిర్యాదు చేసింది. 1999లో అమెరికాలో ప్రకటనల తగవులు చూసే సంస్థ క్యాస్ట్రాల్ వైపే మొగ్గింది. అందుకే ఇవాళ 'ఫుల్లీ సింథటిక్' అని రాసి అమ్మే డబ్బాల్లో చాలావాటిలో ఉండేది ఆ శుద్ధి చేసిన నూనే. అది చెడ్డదేం కాదు, చాలా మంచిది. డబ్బా మీది అక్షరాలు చూసి రెట్టింపు దూరం నడపకండి, అంతే.

ఇక అసలు లెక్క. చాలా కంపెనీలు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది అంటాయి. కొన్ని 15,000 దాకా ఇస్తాయి. అందరికీ పది వేలే గుర్తుంటుంది, 'ఏది ముందొస్తే అది' గుర్తుండదు.

వరంగల్ కాశిబుగ్గలో పొద్దున స్టార్టయి, పోచమ్మ మైదాన్ మీదుగా ఎంజీఎం ఆసుపత్రి దాకా వెళ్లి తిరిగొచ్చే కారునే తీసుకోండి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్లోంచి పోతుంది. కొంచెం మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కింద ఆయిల్లోకి దిగుతుంది, దాంతోపాటు కాస్త పచ్చి పెట్రోలు కూడా. బండి అరగంట హైవే మీద పరిగెడితే ఆయిల్ బాగా కాగి ఆ తేమను వెళ్లగొడుతుంది. రెండు మూడు కిలోమీటర్లకే ఆపేస్తే కాగదు. మీటర్లో వేడి ముల్లు మధ్యకు వచ్చింది కదా అనకండి, అది చూపేది కూలెంట్ వేడి. ఆయిల్ అంతకంటే ఆలస్యంగా కాగుతుంది. డిసెంబరులో ఇలాంటి కారుకు ఆయిల్ మూత విప్పితే అడుగున తెల్లటి జిగట కనిపించవచ్చు. ఆయిల్లో నీళ్లు కలిసిన గుర్తు అది. చలికాలం పోయినా, హైవే మీద తిప్పినా ఆ తెలుపు పోకుండా, కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం మెకానిక్‌కు చూపించండి.

గంటల్లో లెక్కేస్తే ఇంకా తేటతెల్లం. ఊళ్లో గంటకు 16 కిలోమీటర్ల సగటున తిరిగే కారు 10,000 పూర్తి చేసేసరికి ఇంజన్ 625 గంటలు నడిచి ఉంటుంది. హైదరాబాద్ హైవే మీద 65 సగటున పోయే కారుకు అదే దూరానికి 154 గంటలు చాలు. ఓడోమీటర్లో అంకె ఒకటే, ఇంజన్ నడిచింది నాలుగింతల సేపు. జనరల్ మోటార్స్ 1980ల చివర్లోనే కిలోమీటర్లను పక్కనపెట్టి, ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో తిరిగింది అని లెక్కగట్టి ఆయిల్ గడువు చెప్పే ఏర్పాటు తెచ్చింది.

మాన్యువల్ తిరగేస్తే 'కఠిన పరిస్థితులు' అనే భాగం ఉంటుంది, అలాంటప్పుడు ఆయిల్ ముందే మార్చమని. దగ్గరి ప్రయాణాలు, దుమ్ము, జామ్‌లు, మండే ఎండ. మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ చుట్టూ డీసీఎంల వెనుక ఏసీ వేసుకుని పాకడం, మేలో 44 డిగ్రీల ఎండ, మేడారం జాతర దుమ్ము... మన బతుకంతా ఆ భాగంలోనే ఉంది.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ కార్లది మరో కథ. సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులోని మసిని కాల్చి శుభ్రం చేయడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఊళ్లోనే తిరిగే బండిలో ఆ పని మధ్యలోనే ఆగిపోయి, కొంత డీజిల్ ఆయిల్లో కలుస్తుంది. చదును నేల మీద బండి ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీయండి. గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. ఆయిల్ పై గీత దాటి, డీజిల్ వాసన కొడుతుంటే "నా బండి చుక్క ఆయిల్ తాగదు" అని మురిసిపోకండి. అది పలచబడ్డ ఆయిల్, వెంటనే మార్పించండి.

గ్రేడ్ మాన్యువల్‌లో ఉన్నదే పోయించండి. 0డబ్ల్యూ-20 నీళ్లలా ఉందని చిక్కటి 20డబ్ల్యూ-50 పోయించడం తెలివి కాదు. ఫిల్టర్ ప్రతిసారీ మార్చాల్సిందే.

శనివారం శనివారం బంపర్‌కు కొత్త నిమ్మకాయ, మిరపకాయలు కట్టించేవాళ్లలో నెలకోసారి డిప్‌స్టిక్ తీసి చూసేవాళ్లు ఎందరు? దిష్టి సంగతేమో గానీ, ఆయిల్ లేక బేరింగులు పట్టేసిన ఇంజన్‌ను ఏ నిమ్మకాయా కాపాడలేదు.

నా తీర్పు ఇది. హైవే మీదే ఎక్కువ తిరిగే కారుకు కంపెనీ చెప్పినంత దూరం, ఏడాది దాటకుండా. కాశిబుగ్గ, హన్మకొండ మధ్యే తిరిగే కారుకు 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు. టర్బో ఉంటే, బీఎస్-6 డీజిల్ అయితే ఒక్క రోజు కూడా పొడిగించవద్దు. ఆయిల్ మార్చేటప్పుడు పక్కనే నిలబడి డబ్బా సీలు మీ ముందే తీయించండి. పోశాక ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టించండి, అందులో కల్తీ ఆయిల్ నింపి మరొకరికి అమ్మకుండా.