కులాన్ని తీసేస్తే కథలో మిగిలేదేమిటి?
('సైరాట్', 'ధడక్' చిత్రాల తులనాత్మక పరిశీలన)

ఒక సాహిత్య పాఠశాలలో మాట్లాడుతుండగా ఒక విద్యార్థిని లేచి నన్నొక ప్రశ్న అడిగింది. "రెండు సినిమాల్లోనూ ఉన్నది ఒకే కథ కదండీ. ప్రేమించడం అదే, పారిపోవడం అదే, చివరికి చంపడమూ అదే. 'సైరాట్' చూసిన రాత్రి నిద్రపట్టలేదు. 'ధడక్' చూసి ఇంటికొచ్చి మామూలుగా అన్నం తిన్నాను. ఎందుకని?"

దర్శకుడి ప్రతిభలో తేడా అని అప్పటికి ఏదో చెప్పి తప్పుకున్నాను. ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. ప్రతిభ అనే మాటతో ముగిస్తే విమర్శకుడి పని అక్కడే ఆగిపోతుంది. ఆ ప్రతిభ దేని మీద పనిచేసింది, దేన్ని వదిలేసింది అని అడగాలి. ఆ అమ్మాయికి ఆనాడు ఇవ్వలేని జవాబును ఇక్కడ ఇవ్వడానికి ప్రయత్నిస్తాను. రచయితలుగా మనకూ ఇందులో నేర్చుకోవలసింది ఉంది.

ముందు వివరాలు చూద్దాం. 'సైరాట్' 2016 ఏప్రిల్‌లో విడుదలైన మరాఠీ చిత్రం. దర్శకుడు నాగరాజ్ మంజులే దళితుడు, కవి. షోలాపూర్ జిల్లా కర్మాలా ప్రాంతం నుంచి వచ్చినవాడు. అంతకుముందు 2013లో 'ఫాండ్రీ' తీశాడు. నాయిక రింకూ రాజ్‌గురు, నాయకుడు ఆకాశ్ ఠోసర్ ఇద్దరూ తెరకు కొత్తవాళ్ళే. మరాఠీ సినిమా చరిత్రలో అంతవరకు ఏ చిత్రానికీ రానంత డబ్బు దీనికి వచ్చింది. దాన్ని హిందీలో 'ధడక్' పేరుతో 2018 జూలైలో ధర్మా ప్రొడక్షన్స్ సంస్థ, జీ స్టూడియోస్‌తో కలిసి విడుదల చేసింది. దర్శకుడు శశాంక్ ఖైతాన్. నాయికా నాయకులు జాన్వీ కపూర్, ఈశాన్ ఖట్టర్. రెండింటికీ సంగీతం అజయ్-అతుల్ జంటదే. ఒకే కథ, ఒకే సంగీత దర్శకులు. అందువల్ల తేడా ఎక్కడ పుట్టిందో వెతకడం సులువవుతుంది.

పేర్లతోనే మొదలుపెడదాం. మరాఠీలో సైరాట్ అంటే కట్టు తెంచుకుని పరుగెత్తడం. కట్టు ఉంటేనే తెంచుకోవడం ఉంటుంది. కట్టిందెవరు, ఏ గుంజకు కట్టారు అన్న ప్రశ్న ఆ పేరులోనే ఉంది. ధడక్ అంటే గుండె కొట్టుకోవడం, మన దడ. అది ఎవరి గుండెకైనా ఒకటే. ఒక సామాజిక స్థితిని చెప్పే పేరు పోయి, ఒక శారీరక అనుభూతిని చెప్పే పేరు వచ్చింది. ఈ మార్పు సినిమా అంతటా వ్యాపించింది.

'సైరాట్'లో పర్శ్యా చేపలు పట్టే కుటుంబంలో పుట్టినవాడు. ఆర్చీ పాటిల్ ఇంటి పిల్ల. ఆమె తండ్రికి భూములున్నాయి, ఊరి రాజకీయం ఆయన చేతిలో ఉంది. మంజులే ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పడు. ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, ఎవరి చేయి లేస్తుంది అన్నవాటిలో చూపిస్తాడు. కళాశాల తరగతిలో కొత్తగా వచ్చిన మాస్టారు కవిత్వం పాఠం చెబుతుంటాడు. ఆర్చీ సోదరుడు ప్రిన్స్ లేచి ఆయన్ని చెంపమీద కొడతాడు. కొట్టినవాడికి శిక్ష పడదు, తిన్నవాడే సర్దుకోవలసి వస్తుంది. ప్రేమకథకు ఈ సన్నివేశంతో నేరుగా సంబంధం లేదు. అయినా ఆ ఒక్క దెబ్బతో ఆ ఊళ్ళో అధికారం ఎవరిదో, చదువు విలువ ఎంతో, రేపు పర్శ్యా మీద లేవబోయే చేయి ఎవరిదో మనకు తెలిసిపోతుంది. కథలో 'వాతావరణ చిత్రణ' అని మనం పాఠాల్లో చెప్పేది ఇదే. అది కథకు చేసే అలంకరణ కాదు. జరగబోయేదానికి కారణం.

ఆర్చీ పాత్రను చూడండి. ఆమె బుల్లెట్ మోటారు సైకిలు నడుపుతుంది, ట్రాక్టరు నడుపుతుంది. చూపు దించుకోవలసినచోట సూటిగా చూస్తుంది. ప్రేమలో ముందడుగు ఆమెదే. మొదట మనం దీన్ని స్త్రీ స్వేచ్ఛ అనుకుని సంతోషిస్తాం. కానీ ఆ ధైర్యంలో సగం తండ్రి భూమిదీ, తండ్రి కులానిదీ. పర్శ్యా మీదా, అతని మిత్రుల మీదా పోలీసులు అబద్ధపు అత్యాచారం కేసు రాసినప్పుడు, స్టేషనులోనే ఆ కాగితాలు చించి పారేసే తెగువ ఆమెకు ఉంది. పర్శ్యాకు అది సాధ్యం కాదు. ఆమె ఊరు దాటిన తర్వాత దర్శకుడు ఆ ధైర్యానికి ఉన్న ఆధారాన్ని మెల్లగా లాగేస్తాడు. అప్పుడు ఆమె కొత్తగా, తన కష్టం మీద, ఇంకో ధైర్యం సంపాదించుకోవలసి వస్తుంది. పాత్ర పరిణామం అంటే ఇది.

ఆమె ఆ ధైర్యం సంపాదించుకున్నది మన హైదరాబాదులో. ఈ విషయం తెలుగు ప్రేక్షకుడికి ప్రత్యేకంగా తగులుతుంది. పారిపోయిన జంట వచ్చి చేరేది హైదరాబాదు మురికివాడకు. దోసెలు అమ్ముకునే సుమనక్క వాళ్ళకు నీడనిస్తుంది. పర్శ్యా దోసెల దగ్గర పనిచేస్తాడు. ఆర్చీ సీసాలు నింపే ఫ్యాక్టరీలో కూలికి చేరి, తోటి పనివాళ్ళ దగ్గర తెలుగు మాటలు నేర్చుకుంటుంది. రేకుల గుడిసె, మురుగు వాసన, పదిమందికీ ఒకే మరుగుదొడ్డి ఆమెను ఏడిపిస్తాయి. మొదటి సగంలో పెద్ద వాద్యబృందంతో మోగిన పాటలు రెండో సగంలో వినిపించవు. బావిలో ఈతలూ, చెరకు తోటలూ ఉన్న సగానికి పాటలు, కూలీ, అద్దె, అనుమానం, చెంపదెబ్బ ఉన్న సగానికి నగరపు రొద. సినిమా ప్రేమకథ ముగిసినచోట జీవితం మొదలవుతుందని దర్శకుడు రూపంతోనే చెప్పాడు. వస్తువూ శిల్పమూ వేరు కాదని మనం తరచూ అంటాం. దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ కోసం నేను దూరం వెళ్ళను.

ఇప్పుడు 'ధడక్' చూద్దాం. కథ రాజస్థాన్‌లోని ఉదయపూర్‌కు మారింది. పార్థవి ఎన్నికల్లో నిలబడే దొరగారి కూతురు. మధుకర్ తండ్రి సరస్సు దగ్గర రెస్టారెంటు నడుపుతాడు. సరస్సూ, కోటలూ, హవేలీలూ పర్యాటక శాఖ క్యాలెండరులోలాగా వస్తూ ఉంటాయి. వాళ్ళు పెద్ద కులంవాళ్ళు, ఆ అమ్మాయి జోలికి పోవద్దని తండ్రి కొడుకును హెచ్చరించే సందర్భం ఉంది. అంతే. ఆ మాట నిత్యజీవితంలో ఏ రూపంలో ఉంటుందో సినిమా చూపదు. కులం ఒక సంభాషణగా మిగిలింది, సంబంధంగా లేదు. చేపలు పట్టేవాడి కొడుకు రెస్టారెంటు యజమాని కొడుకు కాగానే, రెండు కుటుంబాల మధ్య దూరం అంతస్తుల తేడాగా కుదించుకుపోయింది. అంతస్తుల తేడా హిందీ సినిమాకు పాత చుట్టం. దాన్ని ఎలా చూపాలో, ఎలా కన్నీళ్ళు పెట్టించాలో ఆ పరిశ్రమకు అలవాటే. నాయిక తండ్రి చేసే హింస అప్పుడు ఒక దుర్మార్గుడైన తండ్రి హింసగా కనిపిస్తుంది తప్ప ఒక వ్యవస్థ హింసగా కనిపించదు.

'సైరాట్'లో హింస రెండు వైపులా పనిచేస్తుంది. బిడ్డ చేసిన పనికి పర్శ్యా తండ్రి తన సొంత కులపంచాయతీ ముందు నిలబడి తన్ను తానే కొట్టుకుంటాడు. అతని కూతురికి సంబంధాలు రావు. పైకులంవాడు కొట్టకుండానే కిందికులంవాడు తన్ను తాను శిక్షించుకునేలా చేసే యంత్రం అక్కడ బట్టబయలవుతుంది. 'ధడక్'లో ఆ యంత్రం లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. పునర్నిర్మాణం అన్నాక మార్పులు ఉండవా? ఉదయపూర్‌లో షోలాపూర్ ఎలా ఉంటుంది? నిజమే, మార్చే హక్కు కళాకారుడికి ఉంది. మార్చకపోతే అది నకలే అవుతుంది. 2006లో విశాల్ భరద్వాజ్ షేక్‌స్పియర్ 'ఒథెల్లో'ను 'ఓంకారా'గా తీశాడు. వెనిస్ నగరం పశ్చిమ ఉత్తరప్రదేశ్ అయింది. నాయకుడి నల్లజాతి అతని పుట్టుకలోని సంకరకులం అయింది. చేతిరుమాలు వడ్డాణం అయింది. అంతా మారింది, మూలంలోని గాయం మాత్రం మారలేదు. ఆ గాయానికి మన నేల మీద పేరేమిటని దర్శకుడు వెతికి పట్టుకున్నాడు. 'ధడక్' చేసిన పని దీనికి సరిగ్గా ఎదురు. ఊరు పేర్లు, భాష, బట్టలు మార్చి, గాయాన్ని వదిలేసింది. కాబట్టి ఎంత మార్చారన్నది నా ప్రశ్న కాదు. ఏ మార్పు మూలకారణాన్ని కొత్త నేలలో నాటింది, ఏ మార్పు దాన్ని పెరికేసింది అన్నదే ప్రశ్న.

ముగింపుల దగ్గర నేను కొంత జాగ్రత్తగా మాట్లాడాలి. 'సైరాట్' చివర ఆర్చీ సోదరుడూ, బంధువులూ తల్లి పంపిన కానుకలతో ఇంటికి వస్తారు. ఆర్చీ వాళ్ళకు టీ కాచి ఇస్తుంది. చంపడం మనకు చూపరు. పక్కింటావిడతో బయటికి వెళ్ళిన పసివాడు తిరిగి వచ్చి, తల్లిదండ్రుల శవాలు చూసి, ఏడుస్తూ నెత్తుటి పాదాలతో వీధిలోకి నడుస్తాడు. శబ్దం ఉండదు. 'ధడక్'లో భర్తా బిడ్డా మేడమీంచి పడి చనిపోతారు, నాయిక బతికి ఉంటుంది. ఆ తర్వాత పరువుహత్యల గురించి తెరమీద అక్షరాలు వస్తాయి.

'ధడక్' ముగింపు అవాస్తవం అని మొదట్లో నేను వాదించేవాణ్ణి. సొంత బిడ్డను చంపడానికి వెనుకాడని కులస్వభావాన్ని మెత్తబరిచారనేవాణ్ణి. ఆ సినిమా విడుదలై రెండు నెలలైనా కాకముందే, 2018 సెప్టెంబరు 14న నల్లగొండ జిల్లా మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న దళిత యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. భార్య బతికింది. ఆ కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. 2022 మే నెలలో హైదరాబాదు సరూర్‌నగర్‌లో నడివీధిలో మరో దళిత యువకుడు హత్యకు గురయ్యాడు. భార్య సోదరుడు అరెస్టయ్యాడు. ఆమె కూడా బతికింది. తెర మీద ఆర్చీకి ఆశ్రయమిచ్చిన హైదరాబాదు అది. కనుక భార్యను బతకనిచ్చిన ముగింపు అబద్ధం కాదు. నా పాత వాదాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

అయితే అప్పుడే అసలు లోపం స్పష్టమయింది. సంఘటన నిజమే, దానికి దారితీసిన కారణం కథలో లేదు. కారణం లేని చావు ప్రమాదం వంటిది. దానికి జాలి పడతాం, మన ప్రమేయం ఉందని అనుకోం. చివరి అక్షరాలు, లోపల కథ చెప్పలేకపోయిన మాటను బయటి నుంచి చెప్పడానికి చేసిన ప్రయత్నం. 'సైరాట్' పసివాడు నడిచివచ్చేది మన వీధిలోకి. ఆ విద్యార్థినికి నిద్రపట్టకపోవడానికి కారణం అదేననుకుంటాను.

ఆ సంస్థే 2025 ఆగస్టులో 'ధడక్ 2' విడుదల చేసింది. అది మారి సెల్వరాజ్ 2018లో తీసిన తమిళ చిత్రం 'పరియేరుం పెరుమాళ్'కు పునర్నిర్మాణం. దర్శకురాలు షాజియా ఇక్బాల్. ఇందులో నాయకుడు న్యాయశాస్త్రం చదివే దళిత విద్యార్థి, కులం కథకు నడిమధ్య ఉంది. నాయకుడి ఒంటిరంగును మేకప్‌తో నలుపు చేశారన్న విమర్శ న్యాయమైనదే. అయినా ఏడేళ్ళ కింద చెప్పడానికి జంకిన మాటను అదే పరిశ్రమ చెప్పవలసి వచ్చింది. మరాఠీలో, తమిళంలో దళిత దర్శకులు వేసిన దారి లేకుంటే ఇది జరిగేది కాదు.

మనవైపు చూసుకుంటే గర్వపడదగినదీ ఉంది, సిగ్గుపడవలసినదీ ఉంది. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. కులం పేరును చిత్రం పేరులోనే పెట్టాడు. 1975లో రంగనాయకమ్మ నవల ఆధారంగా 'బలిపీఠం' వచ్చింది. వాటి పరిష్కారాలతో మనకు పేచీ ఉండవచ్చు. ప్రశ్నను మాత్రం అవి దాచలేదు.

చివరిగా నా సంగతి చెప్పకపోతే ఈ విమర్శ నిజాయితీగా ఉండదు. చాలా ఏళ్ళ కింద ఒక హిందీ కథను తెలుగు వాతావరణానికి మార్చి రాశాను. మూలంలో నాయకుడిది చర్మకారుల కుటుంబం. ప్రచురించబోయే పత్రికవారు "పాఠకులు నొచ్చుకుంటారేమో, పేదవాడని రాస్తే చాలదా?" అన్నారు. నేను సరేనన్నాను. తోలు వాసన తీసేసి ఆకలి పెట్టాను. కథ అచ్చయింది, మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. కథలో యజమాని ఆ కుర్రాడికి మంచినీళ్ళు ఎత్తి పోయడం మాత్రం అలాగే ఉండిపోయింది. పేదవాడికి ఎవరూ నీళ్ళు ఎత్తి పోయరు. ఆ చేయి పైకి ఎందుకు లేచిందో నా కథ చెప్పలేకపోయింది. 'ధడక్' చూస్తున్నప్పుడు ఆ లేచిన చేయే నాకు కనిపించింది.

అనువదించే మిత్రులకూ, మూలాన్ని కొత్త నేలకు తరలించే మిత్రులకూ నేను చెప్పగలిగింది ఒక్కటే. ఎవరైనా ఒక మాట తీసేయమన్నప్పుడు, ఆ మాట మీద ఆధారపడి కథలో ఎన్ని చేతులు కదులుతున్నాయో ముందు లెక్కపెట్టండి.