ఇంట్లో బీడీలు చుట్టే గర్భిణికి ప్రసూతి సెలవు ఉందా? కొత్త లేబర్ కోడ్‌తో ఏం మారింది?

ఉద్యోగం చేసే మహిళకు జీతంతో కూడిన 26 వారాల ప్రసూతి సెలవు ఉంటుందని మీకు తెలుసు. మీ ఆఫీసులోనో, మీ ఇంట్లోనో ఎవరో ఒకరు తీసుకునే ఉంటారు. మరి మెట్‌పల్లిలో ఇంటి అరుగు మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే గర్భిణి సంగతి? ఆమెకు ఆఫీసు లేదు, హాజరు పట్టీ లేదు, నెల జీతం లేదు. కాబట్టి సెలవు కూడా ఉండదని చాలామంది అనుకుంటారు.

నిజానికి ఆమెకు ఆ హక్కు 1966లోనే వచ్చింది. దాదాపు అరవై ఏళ్లు చట్టంలో ఉంది. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినప్పుడు ఆ చట్టం రద్దయింది. దాని స్థానంలో వచ్చినదాంట్లో ఆమె పేరు స్పష్టంగా లేదు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల నుంచి అటు నిజామాబాద్, ఇటు సిరిసిల్ల దాకా వేల ఇళ్లకు సంబంధించిన విషయం ఇది. అయినా పెద్దగా చర్చే జరగలేదు. అసలు ఏముండేది, ఏం పోయింది, తిరిగి తెచ్చుకోవాలంటే ఎవరిని అడగాలి అన్నది చూద్దాం.

పాత చట్టంలో ఏముండేది?

1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదట ఫ్యాక్టరీలు, గనులు, తోటల్లో పనిచేసే మహిళల కోసం చేసింది. బీడీ పని అలా ఉండదు. తునికాకు, తంబాకు, దారం కంపెనీవి. పని మాత్రం కార్మికురాలి ఇంట్లో. మధ్యలో ఠేకేదారు. అందుకే 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసినప్పుడు పార్లమెంటు 37వ సెక్షన్‌లో ఒక ఉపసెక్షన్ పెట్టింది. ప్రసూతి చట్టం బీడీ సంస్థలన్నింటికీ వర్తిస్తుందని, ఇంట్లో పనిచేసేవారికి కూడా కొన్ని మార్పులతో వర్తిస్తుందని అందులో రాసింది. ఆ మార్పుల్లో మెడికల్ బోనస్‌ను, ప్రసవం వల్ల వచ్చే జబ్బుకిచ్చే అదనపు సెలవును తీసేశారు. అసలు ప్రయోజనం మాత్రం మిగిలింది: పని మానేసిన రోజులకు సగటు రోజు కూలి.

కంపెనీలు ఊరుకోలేదు. ఇంట్లో చుట్టేవాళ్లు మా కార్మికులే కాదంటూ కోర్టుకెళ్లాయి. మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో 1974లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. 1985లో పీఎం పటేల్ అండ్ సన్స్ కేసులో, ఇంట్లో బీడీలు చుట్టేవారికీ ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుందని చెప్పింది. ఈ రోజు ఉత్తర తెలంగాణలో బీడీ కార్మికురాలి చేతిలో పీఎఫ్ నంబర్ ఉందంటే దాని వెనుక ఆ తీర్పు ఉంది.

ఇది ఎంత డబ్బో ఒకసారి లెక్క వేయండి. లెక్క కోసమే రోజుకు సగటున 200 రూపాయలు పడుతుందనుకుందాం. 2017 సవరణ తర్వాత మొదటి రెండు కాన్పులకు సెలవు 26 వారాలు. వారమంటే ఆదివారంతో కలిపి ఏడు రోజులేనని సుప్రీంకోర్టు గతంలోనే తేల్చింది. అంటే 182 రోజులు, 36,400 రూపాయలు. కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు, అడిగే హక్కు ఉండేది. ఇవ్వాల్సింది ప్రభుత్వం కాదు, యజమాని.

మరి ఎందుకు అందలేదు?

యజమాని ఎవరన్న ప్రశ్న దగ్గరే చాలావరకు ఆగిపోతుంది. కంపెనీ ఠేకేదారును చూపిస్తుంది. ఠేకేదారు తాను ఆకు ఇచ్చి బీడీలు తీసుకునేవాణ్ని మాత్రమే అంటాడు. కొన్నిచోట్ల ముడిసరుకు అమ్మినట్టు, బీడీలు కొన్నట్టు కాగితాలు నడుస్తాయి. అప్పుడు పనిచేసే మనిషి కాగితం మీద చిన్న వ్యాపారి అయిపోతుంది! ఒకరి పాసుబుక్కు మీద ఇంట్లో అత్త, కోడలు, ఆడబిడ్డ ముగ్గురూ చుట్టడం కూడా ఈ ప్రాంతంలో తెలియని సంగతి కాదు. గర్భిణి అయ్యేది ఎక్కువగా కోడలు. పేరుండేది అత్తది. 80 రోజుల పనిని ఆమె ఎలా రుజువు చేస్తుంది?

దీనికి తోడు ఇంకొకటి జరిగింది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఆ నిధి నుంచి మొదటి రెండు కాన్పులకు ఒక్కోదానికి వెయ్యి రూపాయలు ఇస్తారు. ప్రసూతి సాయం అంటే ఇదే అన్న అభిప్రాయం పడిపోయింది. పైన వేసిన లెక్కలో 36 వేలు దాటిన హక్కు వెయ్యి రూపాయల సాయం చాటున మరుగున పడింది. ఆ నిధికి బీడీల మీద వసూలు చేసే సెస్సు కూడా 2017లో జీఎస్టీ రావడంతో రద్దయింది. నిధి చట్టం ఉంది, దానికి డబ్బు తెచ్చే సెస్సు లేదు. ఇప్పుడు కేంద్ర బడ్జెట్‌లో ఎంత కేటాయిస్తే అంత.

ఈ సెలవు ఇక్కడ ఇంకా ఎందుకు అవసరం?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఇదే అత్యధికం. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇక బీడీ పని తీరు చూడండి. నేల మీద కూర్చుని, ముందుకు వంగి, గంటల తరబడి వేళ్లు ఆడించాలి. తంబాకు దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది, నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. కడుపు కోత మానకుండా ఆ చాట ముందు కూర్చోవాల్సి వస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పైగా పసిబిడ్డ ఉండేది అదే గదిలో.

రాష్ట్రం మొత్తంగా చూస్తే మంచి వార్తే. ప్రతి లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2011-13లో ఉమ్మడి రాష్ట్రంలో 92 ఉంటే, 2018-20 నాటికి తెలంగాణలో 43కు తగ్గాయి. దేశ సగటు అప్పుడు 97. కానీ ఈ లెక్క రాష్ట్రం దగ్గర ఆగిపోతుంది. వృత్తిని బట్టి విడదీసి చెప్పదు. 43లో బీడీలు చుట్టేవాళ్ల పరిస్థితి ఏమిటో ఆ అంకె నుంచి మనకు తెలియదు.

కేసీఆర్ కిట్ ఉంది కదా?

2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో ప్రభుత్వాసుపత్రిలో కాన్పు అయితే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇస్తామన్నారు. ప్రభుత్వాసుపత్రులకు గర్భిణులు రావడం పెరగడంలో దాని పాత్ర ఉంది. కానీ అది పథకం, చట్టం కాదు. విడతల డబ్బు నెలల తరబడి పడలేదన్న ఫిర్యాదులు అప్పుడూ వచ్చాయి, తర్వాతా వచ్చాయి. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, ప్రాధాన్యం మారుతుంది.

చట్టంలో ఉన్నదాన్ని కూడా పథకం తగ్గించేయగలదు. దీనికి పెద్ద ఉదాహరణ 2013 ఆహార భద్రత చట్టం. 2001లో పీయూసీఎల్ సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌తో మొదలై, ఆహార హక్కు ఉద్యమం ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన చట్టం అది. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్నవారు, ఇతర చట్టాల కింద ఇలాంటి ప్రయోజనం పొందేవారు మినహా ప్రతి గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ 6,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలని నాలుగో సెక్షన్ చెబుతుంది. 2017లో దాని కోసమే తెచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో అది మొదటి కాన్పుకు మాత్రమే, 5,000 రూపాయలు అయింది. తర్వాత రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 ఇస్తామని చేర్చారు. చట్టంలో ‘ప్రతి’ అన్న మాట అలాగే ఉంది. మన రాష్ట్రం సొంత పథకం ఉందంటూ ఈ కేంద్ర పథకానికి ఏళ్లపాటు దూరంగా ఉంది.

పింఛను సాధించుకున్నవాళ్లు దీన్నెందుకు సాధించుకోలేదు?

బీడీ కార్మికులు రాజకీయంగా బలం లేనివాళ్లేం కాదు. తెలంగాణ వచ్చాక ఆసరా పథకంలో వారికి పింఛను ఇచ్చారు. మొదట నెలకు 1,000, తర్వాత 2,016 రూపాయలు. దేశంలో మరెక్కడా లేని పథకమని పార్టీలు ప్రచారం కూడా చేసుకున్నాయి. 2014 ఫిబ్రవరి 28కి ముందు పీఎఫ్ ఖాతా ఉండాలన్న షరతు తీసేయాలన్నది ప్రతి ఎన్నికల్లో వినిపించే డిమాండ్.

ప్రసూతి హక్కు మాత్రం ఏ సభలోనూ వినిపించదు. ఒక కారణం నాకు ఇలా కనిపిస్తుంది. పింఛను ప్రతి నెలా అందరికీ ఒకేసారి కావాలి, అందరూ కలిసి అడుగుతారు. గర్భం తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలూ ధర్నాకు వెళ్లే ఓపిక ఉండదు. ఆ తర్వాత చేతిలో పసిబిడ్డ. అడగాల్సిన సమయంలో అడిగే స్థితిలో ఉండకపోవడం ఈ హక్కుకున్న ప్రత్యేక ఇబ్బంది.

కొత్త కోడ్‌లో ఏముంది?

1966 బీడీ చట్టాన్ని వృత్తి భద్రత కోడ్ రద్దు చేసింది. 1961 ప్రసూతి చట్టాన్ని సామాజిక భద్రత కోడ్ రద్దు చేసి, అందులోని అంశాలను ఆరో అధ్యాయంలో పెట్టింది. 26 వారాలు ఉన్నాయి, 80 రోజుల నిబంధన ఉంది. అయితే ఆ అధ్యాయం వర్తించేది ఫ్యాక్టరీలు, గనులు, తోటలకు, పది మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న దుకాణాలు, సంస్థలకు. ఇంట్లో పనిచేసే బీడీ కార్మికులకు కూడా అని 37వ సెక్షన్‌లో ఉన్నట్టు ఇక్కడ విడిగా చెప్పలేదు.

కోడ్‌లో ఉద్యోగి నిర్వచనంలో కాంట్రాక్టర్ ద్వారా పనిచేసేవారూ వస్తారు. కాబట్టి వందల మందితో ఇళ్లలో చుట్టించే కంపెనీ కూడా పది మంది దాటిన సంస్థేనని వాదించవచ్చు. గట్టి వాదనే. కానీ ఇంతకుముందు వాదించాల్సిన పని లేదు, రాసే ఉంది. మళ్లీ కోర్టుకెళ్లి 1974 నుంచి మొదలుపెట్టాలా?

మరోవైపు ఇంటి నుంచి పనిచేసేవారిని కోడ్ అసంఘటిత కార్మికుల్లో చేర్చింది. వారి ఆరోగ్యం, ప్రసూతి కోసం కేంద్రం పథకాలు రూపొందించాలని 109వ సెక్షన్ చెబుతుంది. అంటే యజమాని చెల్లించాల్సిన హక్కు కాస్తా ప్రభుత్వం ఇచ్చే పథకం అయ్యే ప్రమాదం ఉంది. పథకాలు ఎలా నడుస్తాయో పైన చూశాం.

దారి ఎక్కడుంది?

కోడ్‌లోనే ఉంది. ఇతర సంస్థలకూ ఆరో అధ్యాయాన్ని వర్తింపజేస్తూ ‘తగిన ప్రభుత్వం’ నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. ఒకే రాష్ట్రంలో నడిచే ప్రైవేటు బీడీ సంస్థల విషయంలో ఆ తగిన ప్రభుత్వం రాష్ట్రమే. పార్లమెంటు సవరణ దాకా ఆగక్కర్లేదు. బీడీ సంస్థలు, వాటికి ఇళ్లలో చుట్టే కార్మికులు ఈ అధ్యాయం కిందికి వస్తారని హైదరాబాద్ నుంచి ఒక నోటిఫికేషన్ వస్తే అనుమానం చాలావరకు తీరుతుంది.

పెద్ద చట్టం కోసం ఎదురుచూడకుండా రాష్ట్రాల దారి పట్టడం ఇంకోచోట పనిచేసింది. అమెరికాలో 2023 లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు నల్లజాతి తల్లుల మరణాలు 50.3, తెల్లజాతి తల్లుల్లో 14.5. ఈ తేడా అందరికీ కనిపించిందంటే కారణం అక్కడ లెక్కలు విడివిడిగా వేయడమే. కాంగ్రెస్ సభ్యురాళ్లు లారెన్ అండర్‌వుడ్, ఆల్మా ఆడమ్స్ 2020లో ‘మామ్నిబస్’ పేరుతో బిల్లుల మూట తెచ్చారు. మళ్లీ మళ్లీ ప్రవేశపెట్టినా మూట మొత్తం పాసవలేదు. మాజీ సైనికురాళ్లకు సంబంధించిన ఒక్క బిల్లు 2021 నవంబర్‌లో చట్టమైంది. కానీ అదే ఏడాది మరో చట్టం రాష్ట్రాలకు ఒక వెసులుబాటు ఇచ్చింది. కాన్పు తర్వాత 60 రోజులకే ఆగిపోయే మెడికెయిడ్ వైద్య బీమాను ఏడాదికి పెంచుకోవచ్చంది. ఒక్కో రాష్ట్రంలో ఒత్తిడి తెస్తూ పోతే ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాలూ పెంచాయి.

మెట్‌పల్లి వాళ్లయితే మీ పట్టణం కోరుట్ల అసెంబ్లీ, నిజామాబాద్ లోక్‌సభ పరిధిలో ఉంటుంది. నోటిఫికేషన్ గురించి అడగాల్సింది ఎమ్మెల్యేను. అసెంబ్లీలో ప్రశ్న వేయించగలిగితే ప్రభుత్వం రాతపూర్వకంగా ఏదో ఒకటి చెప్పక తప్పదు. 109వ సెక్షన్ కింద పథకం సంగతి అడగాల్సింది ఎంపీని. కోడ్ కింద నిబంధనలు చేసే ముందు ముసాయిదా ప్రచురించి అభ్యంతరాలు తీసుకోవాలి. ఆ గడువులో ఒక ఈమెయిల్ పంపినా అది రికార్డులోకి వెళ్తుంది. ఫోన్ ఉన్న ఎవరైనా చేయగల పని ఇది.

ఇంకొకటి, పది రూపాయల పని. జగిత్యాల జిల్లా కార్మిక శాఖకు ఆర్టీఐ దరఖాస్తు పెట్టి రెండే ప్రశ్నలు అడగండి. గత అయిదేళ్లలో 37వ సెక్షన్ కింద ప్రసూతి ప్రయోజనం పొందిన ఇంటి బీడీ కార్మికులు ఎందరు? ఇవ్వని యజమానుల మీద పెట్టిన కేసులు ఎన్ని? తెల్ల కార్డు ఉన్నవారికి ఆ పది రూపాయలు కూడా అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సున్నా అని వచ్చినా అది పనికొచ్చే జవాబే, ఎమ్మెల్యే చేతిలో పెట్టడానికి.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో బీడీలు చుట్టే గర్భిణి ఉంటే ఇప్పుడే చేయాల్సింది ఒకటి. ఆమె పేరు మీదే పాసుబుక్కు, పీఎఫ్ ఖాతా ఉండేలా చూడండి, అత్త పేరు మీద కాదు. ఆకు తీసుకున్న రోజులు, ఇచ్చిన బీడీలు రాసిన కార్డును ప్రతి నెలా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోమనండి. కాన్పు 2025 నవంబర్ 21కి ముందే అయి ఉంటే పాత చట్టం కింద అప్పటికే ఏర్పడిన హక్కు రద్దుతో దానంతటదే పోదు. కార్డు, పాసుబుక్కు, కాన్పు కాగితాలతో కార్మిక శాఖలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవచ్చు.