రోల్ఫింగ్

బత్తాయి వలిస్తే తొనలను పట్టి ఉంచే తెల్లటి పొర కనిపిస్తుంది కదా! మన కండరాల చుట్టూ కూడా అలాంటి పొరే ఉంటుంది. పేరు ఫేషియా. అది బిగుసుకుపోతే ఒంటి తీరే వంకర పోతుందని అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త ఐడా రోల్ఫ్ (1896–1979) నమ్మారు. వేళ్లతో, పిడికిలి కణుపులతో, మోచేత్తో ఆ పొరను నెమ్మదిగా నొక్కి సాగదీసే ఆమె పద్ధతే రోల్ఫింగ్. సాధారణంగా 10 విడతలు. మొదటిది ఊపిరి సాఫీగా ఆడేందుకు ఛాతీ, పక్కటెముకల దగ్గర మొదలవుతుంది. ఒళ్లు హాయిగా ఉండాలని చేసే మర్దన కాదిది. నిలబడే తీరు, నడక మారాలన్నదే దీని ఉద్దేశం. కొందరికి ఉపశమనం దొరుకుతున్న మాట నిజమే, శాస్త్రీయ ఆధారాలు మాత్రం ఇంకా తక్కువే. ఎముకలు గుల్లబారినవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా దీని జోలికి వెళ్లకూడదు.